సారాగఢీలో 21 మందే ఎందుకున్నారంటే

మీ పిల్లాడి సారాగఢీ యుద్ధం ప్రాజెక్టు కోసం, అటు లాక్‌హార్ట్, ఇటు గులిస్తాన్ అని బ్రిటిష్ వాళ్ళ కోటలుండగా మధ్యలో సారాగఢీ అనే ఆ చిన్న సైనిక ఠాణా ఎందుకు, అందులో 21 మందే ఎందుకని అడిగారు కదా, మ్యాపులో ఎత్తుపల్లాలు చూస్తే మీ డౌట్ తీరిపోతుంది. సమానా కొండల మీద (ఇప్పటి పాకిస్తాన్ వాయవ్యంలో) ఆ రెండు కోటలూ ఒకదానికొకటి కనపడవు. అద్దంతో ఎండని మెరిపించి కబుర్లు పంపే హీలియోగ్రాఫ్‌కి అడ్డం ఉండకూడదు, అందుకే మధ్యలో సారాగఢీ. ఒకరకంగా టెలిఫోన్ ఎక్స్ఛేంజి అన్నమాట, దానికి బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 36వ సిక్కు రెజిమెంటు నుంచి 21 మంది చాలనుకున్నారు. 1897 సెప్టెంబరు 12న వేల మంది ఒరక్జై, అఫ్రీదీ పఠాన్ తెగలవాళ్ళు చుట్టుముడితే, ఠాణాలో హీలియోగ్రాఫ్ నడిపే గుర్ముఖ్ సింగ్ జరుగుతున్నదంతా లాక్‌హార్ట్‌కి పంపుతూనే ఉన్నాడు, ఆఖరికి అద్దం సర్దేసి తుపాకీ పట్టడానికి అనుమతి అడిగాడు. సాయం పంపాలని లాక్‌హార్ట్‌లో ఉన్న రెజిమెంటు అధిపతి కల్నల్ హాటన్ చూశాడు గానీ దారి దొరకలేదు. మీ పిల్లాడి ప్రాజెక్టు బొమ్మలో ఠాణా గోడల మీద పెట్టిన ఫిరంగులు మాత్రం తీసేయండి, వాళ్ళ దగ్గరున్నవి రైఫిళ్ళే.