థెరపీ కన్నా ముందు ఆ మాత్ర సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 34. ప్రైవేటు ఉద్యోగం. ఏడాదిగా ఊరికే టెన్షన్, గుండె దడ. రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టదు. ఫ్రెండ్ చెబితే ఎనిమిది నెలలుగా అల్ప్రజోలం 0.5 మి.గ్రా. మాత్ర మెడికల్ షాపులో కొనుక్కుని వేసుకుంటున్నా. ఇప్పుడు రెండు వేసుకుంటే గానీ నిద్ర రావడం లేదు. సైకోథెరపీ నాకు పనిచేస్తుందా? వెళ్లేముందు మాత్రలు ఆపేయాలా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న. మాత్ర ఒక్కసారిగా ఆపకండి. నెలల తరబడి వాడిన అల్ప్రజోలం హఠాత్తుగా మానేస్తే చేతులు వణకొచ్చు, ఆందోళన విపరీతం కావొచ్చు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. అలాగని మూడోది వేసుకోవద్దు. ఒకటి రెండయిందంటే ఒళ్లు దానికి అలవాటు పడుతోందన్నమాట. ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. ఎన్ని వారాల్లో, ఎంతెంత తగ్గించాలో మిమ్మల్ని చూశాకే చెప్పగలరు. మద్యం సంగతి మీరు రాయలేదు. ఉంటే దాచకండి. ఈ మాత్రతో కలిస్తే శ్వాస మందగించి ప్రాణం మీదికి రావచ్చు.

కాస్త కోప్పడుతున్నా, ఏమీ అనుకోవద్దు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే ఎవరికి అమ్మారో రిజిస్టరులో రాయాలి. ఫ్రెండ్‌కి పనిచేసిందని మీరెలా మొదలుపెట్టారు? 'సగం మాత్రే కదా డాక్టర్' అంటూ మొదలైనవాళ్లే మా దగ్గరికి ఎక్కువగా వస్తారు. దీని ప్రభావం కొన్ని గంటలే. అది దిగిపోయేటప్పుడు దడ, చిరాకు మళ్లీ తలెత్తుతాయి. మీకిప్పుడున్న టెన్షన్‌లో కొంత ఈ మాత్ర వల్లే కావొచ్చు.

థెరపీకి వెళ్లేలోగా థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు, ఒక ఈసీజీ చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇదే దడ, ఇదే నిద్రలేమి. అది మాటలతో తగ్గదు.

ఇవన్నీ బాగుండి, ఇది యాంగ్జైటీయే అని డాక్టరు తేలిస్తే, సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే, ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే థెరపీ మీకు ఉపయోగపడే అవకాశం బాగానే ఉంది. మామూలుగా వారానికి ఒకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు, ఒక్కోటి ముప్పావుగంట, గంట. బాధ చెప్పుకుని వచ్చేయడంతో అయిపోదు. ఏ ఆలోచన వచ్చినప్పుడు దడ మొదలైందో రాసుకోవాలి, భయంతో తప్పించుకుంటున్న పనులు కొద్దికొద్దిగా చేయాలి. ఇంటిదగ్గర ఆ మాత్రం ఓపిక పెట్టగలిగితే వెళ్లండి. మత్తు మాత్ర మీదే ఆధారపడుతుంటే మాత్రం అక్కడ నేర్చుకునేది వంటబట్టదు. థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, మొహమాటం వద్దు. ఆరేడు సెషన్లయినా తేడా లేకపోతే వాళ్లకే చెప్పండి. పద్ధతి మారుస్తారు, లేదా అలవాటుగా మారని మందు ఏదైనా తోడు చేయాలేమో సైకియాట్రిస్టు చూస్తారు.

చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడొచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రోజూ ఎన్ని మాత్రలు, ఎన్నింటికి వేసుకుంటున్నారో రాసుకుని, స్ట్రిప్పుతో సహా పట్టుకెళ్లండి.