ఏడో స్టెప్‌లో ఫెవికాల్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వడ్రంగం పాఠం అందింది. బొమ్మలు బాగున్నాయి. ఏడో స్టెప్ దగ్గర మాత్రం ఒళ్లు మండింది: "ప్లైవుడ్‌కు ఫెవికాల్ చేసి సన్‌మైకా అంటించండి." కొత్తగా పని నేర్చుకునే కుర్రాడి చేతిలో షీటు పాడవడానికి ఈ ఒక్క వాక్యం చాలు.

ఏ ఫెవికాల్? ఎస్‌హెచ్ అయితే తెల్లజిగురు. పలచగా, అంతటా సమంగా రాసి, తడి ఆరకముందే షీటు పరచాలి. క్లాంపులు బిగించో బరువులు పెట్టో రాత్రంతా కదపకూడదు. రాసి ఆరనిచ్చావా, ఇక పట్టదు. ఎస్‌ఆర్ 998 అయితే రబ్బరు జిగురు, పద్ధతంతా తలకిందులు. ప్లైవుడ్‌కూ షీటు వెనకవైపూ రెండింటికీ రాయాలి. వేలికి అంటకుండా అయ్యేదాకా, సుమారు పది పదిహేను నిమిషాలు, ఆరనివ్వాలి. అప్పుడు ఒక అంచు నుంచి నొక్కుకుంటూ పోవాలి. తడిమీదే మూసేస్తే లోపల సాల్వెంట్, అంటే జిగురును కరిగించి ఉంచే ద్రవం, చిక్కుకుని బుడగలు లేస్తాయి. ఒకసారి తగిలితే మళ్లీ జరపడం కుదరదు గనక, ముందే కొలిచి గీత గీసుకోవాలి. దాని ఆవిరి మండుతుంది కూడా. కిటికీలు తెరవమనీ, దగ్గర్లో మంట ఉండకూడదనీ రాయాలి. రెండూ ఫెవికాలే. "ఫెవికాల్ చేసి" అంటే వీటిలో ఏది చెయ్యాలి?

పదకొండో స్టెప్‌లో "ఎంసీల్ చేయండి" కూడా అంతే. ఎంసీల్ అంటే రెండు ముద్దలుగా వచ్చే పుట్టీ. రెండూ సమానంగా తీసుకుని, చారలు లేకుండా ఒకే రంగు వచ్చేదాకా పిసకమని ఎవరు చెబుతారు? సరిగ్గా కలవకపోతే అక్కడక్కడ మెత్తగానే ఉండిపోతుంది.

"పాఠకుడికి తెలిసిన మాటే రాయండి" అంటూ నిమిషాలూ కొలతలూ కొట్టేసే సంపాదకులుంటారు. వాళ్ల మాట వినకు. తెలిసిన మాట కొట్లో అడగడానికి పనికొస్తుంది, అంతవరకే.

సామాన్ల జాబితాలో బ్రాండు, రకం, పక్కనే మామూలు పేరు ఒక్కసారి రాయి: "ఫెవికాల్ ఎస్‌హెచ్, సింథటిక్ రెజిన్ జిగురు". ఆ డబ్బా దొరకనివాడు అదే రకం ఇంకో కంపెనీది కొనుక్కుంటాడు. స్టెప్పుల్లో మాత్రం రాయండి, ఆరనివ్వండి, నొక్కండి, బిగించండి అను.

కంపెనీలకూ ఈ వాడుక నచ్చదు. ఫొటోషాప్‌ను క్రియగా వాడొద్దని అడోబీ చెబుతూనే ఉంటుంది. అమెరికాలో ఒకప్పుడు బ్రాండు పేర్లుగా ఉన్న ఎస్కలేటర్ 1950లో, థర్మాస్ 1963లో ఎవరైనా వాడుకునే మామూలు పేర్లయిపోయాయి. అది వాళ్ల గొడవ. నాకు ప్లైవుడ్ ముందు కూర్చున్నవాడే ముఖ్యం.

డబ్బా మీది సూచనలు పక్కన పెట్టుకుని, ఏడో స్టెప్‌ను నాలుగుగా విడగొట్టి మళ్లీ పంపు. పారితోషికం సంగతి తర్వాత.