నాయన అంబాసిడర్‌కు ఎయిర్ సస్పెన్షన్: లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ప్రభుత్వ టీచర్‌ను, వయసు 43. మా నాయన 1979లో కొన్న అంబాసిడర్‌ను ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. ఆదివారాలు సాగర్ దాకా నడుపుతాను. ఎయిర్ సస్పెన్షన్‌తో (స్ప్రింగుల బదులు గాలి సంచులు బండిని మోసే ఏర్పాటు) కిందికి దించి, పెద్ద అలాయ్ వీల్స్ వేయించాలని కోరిక. షాపువాళ్లు మొత్తం 3.5 లక్షలు చెప్పారు. జీతం చేతికి 82 వేలు, హోమ్ లోన్ ఈఎంఐ 24 వేలు, ఎఫ్‌డీ 4 లక్షలు. పాప ఇంటర్ సెకండియర్. ఎఫ్‌డీ కదపకుండా పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? చేయిస్తే కారు విలువ పెరుగుతుందా?

జవాబు: విలువ పెరగదండీ. పాత అంబాసిడర్ కోసం వెతికేవాళ్లు ఒరిజినల్ బాడీ, ఒరిజినల్ ఇంజిన్, సరైన కాగితాలు చూస్తారు. మీ ఇష్టానికి పెట్టిన 3.5 లక్షలకు వాళ్లు పైసా ఎక్కువ ఇవ్వకపోవచ్చు. అంటే ఇది సరదా ఖర్చు. సరదా వద్దని నేననను. దసరా నాడు నాయన కారులో జమ్మికి వెళ్తే కలిగే ఆనందానికి నేను రేటు కట్టలేను. నా పేచీ అప్పుతోనే.

13 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 11,800 పడుతుంది. వడ్డీయే 74 వేలు దాటుతుంది. రెండు ఈఎంఐలు కలిపి జీతంలో 44 శాతం పోతుంది. పాప కాలేజీ ఫీజులు మొదలయ్యేదీ ఈ మూడేళ్లలోనే. ఎఫ్‌డీని ముట్టుకోవద్దన్న మీ ఆలోచన మాత్రం సరైనదే.

డబ్బు కన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. అంబాసిడర్‌కు బరువు మోసేవి వెనక కమాన్ పట్టీలు, ముందు టార్షన్ బార్లు (కుదుపుకు మెలితిరిగే ఉక్కు కడ్డీలు). విడిగా చాసిస్ లేని బండి, బాడీయే దాని ఎముకల గూడు. వాటి స్థానంలో గాలి సంచులు కూర్చోబెట్టాలంటే ఎక్కడో కోయాలి, ఎక్కడో వెల్డింగ్ పెట్టాలి. గాలి నింపే కంప్రెసర్ లాగే కరెంటుకు పాత వైరింగ్ తట్టుకోవాలి. ఆ పని 3.5 లక్షల్లో ఉందా, విడిగా వేస్తారా అని షాపును అడిగారా? తర్వాత గాలి లీకులు, ట్యాంకులో చేరే తేమ, వాల్వుల రిపేర్లు ఉండనే ఉంటాయి. స్పీడ్ బ్రేకర్ రాగానే బండిని పైకి లేపుకోవచ్చన్నది నిజంగానే మంచి సౌకర్యం, కాదనను.

ఒకసారి కోసిన బాడీ మళ్లీ పాతది కాదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేని కారునే వింటేజ్‌గా రిజిస్టర్ చేస్తారు. మీ కారుకు 2029లో 50 నిండుతాయి. అయితే వింటేజ్ నంబరు తీసుకున్నాక రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు, ర్యాలీలకు, ప్రదర్శనలకే. మీ సాగర్ ట్రిప్పులకు అది నప్పదు. తీసుకున్నా తీసుకోకపోయినా ఆ దారి మూసుకోవద్దంటాను.

చట్టం సంగతీ చూడాలి. కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ‘మేం చూసుకుంటాం సార్’ అనే షాపు మాట ఆర్టీఓ దగ్గర పనికిరాదు. బీమా కంపెనీకి చెప్పకుండా మారిస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్‌కు కొర్రీ పెడతారు.

అందుకే ఎయిర్ సస్పెన్షన్‌ను పక్కన పెట్టండి. నెలకు 8,000 చొప్పున 18 నెలల ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కట్టండి. 6.5 శాతం వడ్డీ వచ్చినా చేతికి సుమారు 1.5 లక్షలు వస్తాయి. దాంతో మొదట బ్రేకులు, వైరింగ్, కమాన్ పట్టీలు బాగుచేయించండి. మిగిలిన దాంట్లో వీల్స్. బోల్టులు విప్పితే పాతవి మళ్లీ ఎక్కుతాయి కాబట్టి వీల్స్‌తో అంత భయం లేదు. టైరుతో కలిపి మొత్తం ఎత్తు పాతదానికి దగ్గరగా ఉండాలి, లేకపోతే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, మడ్‌గార్డుకు రాసుకుంటుంది. బీమా కంపెనీకి ఈ మార్పు కూడా చెప్పండి. పాత రిమ్ములు ఎవరు అడిగినా అమ్మకండి.

ఇక, ఆర్సీ ఇంకా నాయన పేరు మీదే ఉందా? ఉంటే ముందు మీ పేరుకు మార్పించుకోండి, రిజిస్ట్రేషన్ గడువు కూడా చూడండి. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టు నుంచి 10,000 అయింది. గడువు దాటి ఉంటే ఆర్‌డీ మొదటి కిస్తీ వచ్చే నెలకు వాయిదా వేసి, ఈ పని చేయించండి.