ఇంటి దారి గుంతలు: కౌంటీ కౌన్సిల్ 'మాది కాదు' అంటే

ఐర్లండ్‌లో మీ ఇంటికి వెళ్లే దారి గుంతలు పడింది, బాగుచేయమంటే కౌంటీ కౌన్సిల్ (స్థానిక పాలనా సంస్థ) కాదంటోందా? ఆ దారి కౌన్సిల్ రికార్డుల్లో ప్రైవేటుగానే ఉండి ఉంటుంది. అక్కడి పల్లెల్లో ఇది మామూలే. అందుకే గుంతల ఫొటోలు ఎన్ని పంపినా మీకు "మా రోడ్డు కాదు" అనే జవాబు వస్తోంది.

1. ఆ దారి 'టేకెన్ ఇన్ చార్జ్' అయిందో లేదో, అంటే దాని నిర్వహణ బాధ్యతను కౌన్సిల్ తీసుకుందో లేదో, కౌన్సిల్ రోడ్ల విభాగాన్ని ఈమెయిల్‌లో అడగండి. అయి ఉంటే బాగుచేయాల్సింది వాళ్లే.

2. కాకపోతే లోకల్ ఇంప్రూవ్‌మెంట్ స్కీమ్‌కి (పల్లెల్లోని ప్రైవేటు దారులు బాగుచేయడానికి ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) కౌన్సిల్‌లో అప్లై చేయండి.

3. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. దారి పక్కన ఇళ్లున్నంత మాత్రాన చాలదు. మామూలుగా, విడివిడిగా వ్యవసాయం చేసుకునే కనీసం ఇద్దరి భూములకు అదే దారి కావాలి. కాబట్టి ఫారం నింపకముందే, అదే దారి వాడే రైతులతో, ఉదాహరణకు చివరి గేటు అవతల గొర్రెలు మేపుకునే ఆయన ఉంటే ఆయనతో, మాట్లాడి ఫారం మీద సంతకానికి ఒప్పించండి. హెర్డ్ నంబర్ (పశువులు పెంచే రైతుకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్) కూడా అడిగి ఉంచుకోండి, పనికొస్తుంది. (టీ తాగకుండా పంపరు, టైమ్ పెట్టుకుని వెళ్లండి.)

4. మీ వాటా: 5 లేదా అంతకన్నా తక్కువ కుటుంబాలైతే ఖర్చులో 10%, 6 ఆపైన 15%. ఒక్కో ఇంటికి 1,200 యూరోలు మించదు.

పని అయ్యాక కూడా దారి ప్రైవేటే. తర్వాతి మరమ్మతులు మీవే.