లేబర్ రూమ్‌లోకి కెమెరాతో వెళ్తున్న మేనకోడలికి

అమ్ములూ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "నీ మేనకోడలు పెళ్ళిళ్ళు చాలక ఇప్పుడు కాన్పులు ఫోటోలు తీస్తుందట" అన్నాడు. వచ్చే నెలలోనే మొదటిది అని కూడా చెప్పాడు. తెనాలిలో నేను స్టూడియోలో కూర్చున్న రోజుల్లో ఆడది కెమెరా పట్టుకుంటే జనం ఆగి చూసేవాళ్ళు. మన ఇంటి పిల్ల లేబర్ రూమ్ దాకా వెళ్తోందంటే గర్వంగానే ఉంది. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే ఇది రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. ఫ్లాష్ వద్దు. ముప్పై ఐదు ఎంఎం లెన్స్, 1.8 అపెర్చర్ ఉంటే ఆ గదిలో వెలుతురు చాలు. సైలెంట్ షటర్ పెడితే ట్యూబులైట్ల కింద ఫోటోలో చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్ వందో వంతు సెకను మీద ఉంచు. తొలి కాన్పు నొప్పులు పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడతాయి. బ్యాటరీలతో పాటు నీ కడుపు సంగతీ చూసుకో, కానీ నొప్పులు పడుతున్న మనిషి ముందు మాత్రం ఏమీ తినకు. డాక్టరుగారి అనుమతి ముందే కాగితం మీద తీసుకో. సిజేరియన్ అయితే పరిచిన స్టెరైల్ గుడ్డల దగ్గరికి పోకు. ఎప్పుడూ తలవైపే నిలబడు, కాళ్ళవైపు నీకేం పని లేదు.

కాన్పు సమయంలో పక్కన ఒక తోడును ఉండనివ్వాలని 2016లో కేంద్రం సర్కారు ఆసుపత్రులకు చెప్పింది. ఎక్కడైనా "ఒక్కరినే రానిస్తాం" అంటే ఆ చోటు వాళ్ళమ్మది, లేదా మొగుడిది. నువ్వు బయట వరండాలో ఉండి ఆ అమ్మాయి నాన్న చేతులు ఫోటో తీయి. ఆ చేతుల్లోనూ బోలెడు కథ ఉంటుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ఇది మీ నాన్నకి కూడా తెలియదు.

2011లో, చిన్నప్పటి నుంచి మన స్టూడియోకి వచ్చే ఒక అమ్మాయి, "అత్తా, నా పురుడు నువ్వే తీయాలి" అని పట్టుబట్టింది. ఒక చిన్న నర్సింగ్ హోమ్. సుఖంగానే అయింది. పాప పుట్టగానే ఏడ్చింది, మాయ కూడా పడింది. డాక్టరుగారు ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్ళారు, నర్సు పాప దగ్గర ఉంది. తల్లి ముఖం తిప్పి పాప వైపు చూస్తోంది. ఆ చూపు కోసమే కదా నేను తెల్లవారుజాము నుంచి నిలబడింది.

ఫోటో తీసి స్క్రీన్ మీద చూశాను. ముఖం పాలిపోయినట్టు, కాస్త ఆకుపచ్చగా వచ్చింది. చుట్టూ ఆకుపచ్చ దుప్పట్లు, పైన ట్యూబులైటు. ఆ రంగే చర్మం మీద పడుతోందనుకున్నాను. వైట్ బ్యాలెన్స్, అదే కెమెరాలో రంగులు సరిచేసే సెట్టింగ్, మార్చి మళ్ళీ తీశాను. ఇంకా తెల్లగానే ఉంది. "అత్తా, చలేస్తోంది, కాసిని నీళ్ళు" అంది. "ఒక్క నిమిషం అమ్మా, పాప వైపే చూడు" అన్నాను. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా గొంతు పూడుకుపోతుంది. ఇంకాస్త వెచ్చదనం పెంచి మూడోది తీశాను. అందులో ముఖం చక్కగా గోధుమరంగులో వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

గుడ్డ మార్చడానికి వచ్చిన ఆయా కేక పెట్టింది. మంచం తడిసిపోయి ఉంది. నర్సు పరిగెత్తుకొస్తుంటే దారిలో నా బ్యాగు అడ్డం. ఆమె దాన్ని కాలితో తన్ని దూకింది. ఒకరు పొత్తికడుపు నొక్కుతున్నారు, ఒకరు ఇంజెక్షన్ ఇస్తున్నారు, బయట వాళ్ళ తమ్ముడు రక్తం కోసం పరుగెత్తాడు. మూడు బాటిళ్ళు ఎక్కించారు. దేవుడి దయవల్ల, ఆ ఆయా దయవల్ల, బతికింది.

కెమెరా ఫైళ్ళలో టైం ఉంటుంది కదా. మొదటి ఫోటోకీ మూడోదానికీ మధ్య నాలుగు నిమిషాలు. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైనే రక్తం వెళ్తుందని తర్వాత డాక్టరుగారు చెప్పారు. కాన్పయ్యాక అది గట్టిగా ముడుచుకుంటేనే రక్తం ఆగుతుందట. ఆ అమ్మాయికి ముడుచుకోలేదు. నేనేమో కెమెరాలో రంగు సరిచేస్తూ నిలబడ్డాను.

నీ పెద్దత్త మనకి దక్కకుండా పోయింది కూడా కాన్పులో రక్తం పోయే. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ రంగు నేను చూసిన రంగే అమ్ములూ. చూసి కూడా గుర్తుపట్టలేదు, ఎందుకంటే మధ్యలో కెమెరా ఉంది.

అందుకే చెప్తున్నాను, పాప పుట్టగానే అందరూ అటు తిరుగుతారు. నువ్వు తల్లి వైపు ఉండు. రెండు ఫోటోలు తీశాక కెమెరా దించి, ఉత్త కళ్ళతో ఆమెను చూడు. పెదాలు, గోళ్ళు చూడు. చలి అన్నా, దాహం అన్నా, కళ్ళు తిరుగుతున్నాయన్నా నర్సును పిలువు. ఏమీ లేకపోతే నర్సు నిన్ను విసుక్కుంటుంది, అంతే కదా. పడు. మొదటి రెండు గంటలు పావుగంటకోసారి నాడి, బీపీ చూస్తారు. ఆ టైంలో నువ్వు అడ్డం ఉండకూడదు. బ్యాగు గోడవారన, తలుపుకి దూరంగా పెట్టు.

పాప మొదట కాస్త నీలంగా ఉంటే కంగారుపడకు. ఛాతీ దగ్గర నుంచి మెల్లగా ఎరుపెక్కుతుంది, చేతులూ కాళ్ళూ ఒక రోజు దాకా నీలంగానే ఉండొచ్చు. అది డాక్టర్లు చూసుకుంటారు. ఆ రంగును కూడా తర్వాత కంప్యూటర్‌లో మార్చకు.

ఫోటోలు ముందు తల్లికే చూపించు. అత్తగారు అడిగినా, డబ్బులిచ్చింది మొగుడే అయినా సరే. ఆమె తీసేయమన్నవి తీసేయి. బారసాల అయ్యేదాకా ఎక్కడా పెట్టకు. దిష్టి అంటే నువ్వు నవ్వుతావు, కానీ పచ్చి బాలింత మనసు కుదురుకోవడానికి ఆ మాత్రం రోజులు కావాలి.

వచ్చే ఆదివారం ఖాళీ చేసుకుని రా. సున్నుండలు చేసి ఉంచుతాను. ఆ మూడు ఫోటోలు నా దగ్గరే ఉన్నాయి, ఆ అమ్మాయికి ఇవ్వలేకపోయాను. పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మొదటిదాన్ని బాగా చూసుకుని వెళ్ళు.

నీ అత్తయ్య