పరిమళపు పంచదార: తయారీ, నిల్వ, బేకింగ్‌లో వాడకం

నిమ్మతొక్క, యాలకులు కలిపిన పంచదారను ఇంట్లోనే చేసి నిల్వ ఉంచుకోవచ్చా, కేకుల్లో మామూలు పంచదారకు బదులు వాడవచ్చా అని మీరు అడిగారు. రెండూ చేయవచ్చు. అయితే మా శ్రీకాకుళం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, అందులోనూ ముసురు రోజుల్లో, అసలు చిక్కు నిల్వలోనే వస్తుంది.

నిమ్మకాయ పరిమళమంతా పై పసుపు పొరలోని నూనె తిత్తులలో ఉంటుంది, కింది తెల్ల పొర చేదు. కనుక సన్నని తురుముపీటపై పసుపు భాగాన్ని మాత్రమే తీసి, 200 గ్రాముల పంచదారకు రెండు కాయల తురుము చొప్పున వేసి వేళ్లతో నలపాలి. పంచదార పలుకులు ఆ తిత్తులను చీల్చడంతో నూనె బయటికి వచ్చి, కాసేపటికి పంచదార లేత పసుపు రంగుకు తిరిగి, తడి ఇసుకలా వేళ్లకు అంటుకుంటుంది. ఆ రోజే వాడితే అంతకు మించిన రుచి లేదు. దాచుకోవాలంటే మాత్రం, బేకింగ్ ముగించి ఆపివేసిన ఓవెన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు పళ్లెంలో పలుచగా పరిచి లోపల ఉంచి, ఆరాక చిదిపి, జల్లించి గాజు సీసాలో బిగించాలి. దబ్బకాయ తొక్కతోనూ ఇలాగే చేయవచ్చు. నా మటుకు నాకు నిమ్మ కంటే అదే ఇష్టం.

యాలకులతో ఈ తడి బెడద లేదు. పాయసానికి గింజలు తీశాక మిగిలే తొక్కలను పంచదార సీసాలో పడేసినా వాసన పడుతుంది, కానీ అది టీకి సరిపోతుందే తప్ప కేకుకు చాలదు. కేకుకైతే గింజలను చెంచాడు పంచదారతో కలిపి మిక్సీలో పొడి చేసి, మిగతా పంచదారలో కలపాలి. మొత్తం పంచదారను పొడి చేయకండి, ఎందుకంటే వెన్నతో గిలక్కొట్టేటప్పుడు గాలిని పట్టి ఉంచి కేకును గుల్లగా చేసేది ఆ పలుకులే.

కొలత మామూలు పంచదారదే, కాకపోతే కప్పుతో కాక తూకంతో తీసుకోవడం మేలు. ఓవెన్ వేడికి పరిమళం కొంత ఎగిరిపోతుంది కాబట్టి ఒకటి రెండు చెంచాలు పక్కన ఉంచి, కేకు బయటికి తీసిన వెంటనే పైన చల్లండి. పలాస జీడిపప్పు పొడితో చేసే బిస్కెట్లకు మాత్రం కాల్చే ముందే చల్లితేనే అతుక్కుంటుంది.