బెడ్ కాంక్రీటును ప్లింత్ బీముకు బిగించాలా, విడిగా వదలాలా?

ప్రశ్న: కర్నూలు శివారులో నల్లరేగడి స్థలంలో ఇల్లు కడుతున్నాము. రాతి పునాది గోడల మీద ప్లింత్ బీము (పై గోడలను మోసే కాంక్రీటు దూలం) పోసి, లోపల మూడడుగుల ఎత్తు గరుసు నింపబోతున్నాము. బీములోంచి వదిలిన చువ్వలను బెడ్డుతో, అంటే గరుసు మీద పోసే నేల కాంక్రీటుతో, కలిపితే నేల గట్టిగా ఉంటుందని మేస్త్రి, కలిపితే పగులుతుందని మా బావమరిది అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ బావమరిదిగారి మాటే వినండి. గోడల భారం రాతి పునాది ద్వారా లోతునున్న గట్టినేలకు దిగుతుంది. బెడ్డు మాత్రం కొత్తగా నింపిన గరుసు మీద, దాని అడుగున వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే రేగడి మీద ఆని ఉంటుంది. ఈ రెండూ ఒకే తీరున కదలవు. చువ్వలతో బిగిస్తే బెడ్డు అంచు బీమును పట్టుకొని నిలిచిపోయి, నడిమి భాగం కుంగడమో లేవడమో జరిగి, గోడకు కాస్త లోపలగా, గోడ పొడవునా చీలిక పడుతుంది. విడిగా వదిలిన బెడ్డు కొద్దిగా దిగినా స్కర్టింగు కింద సన్నని సందే కనిపిస్తుంది, దాన్ని పూడ్చుకోవచ్చు.

అందుచేత బీముకూ బెడ్డుకూ మధ్య 12 మిల్లీమీటర్ల థర్మాకోల్ షీటు నిలబెట్టి పోయించండి. గుమ్మాల దగ్గర బెడ్డు బీము మీదుగా పక్కగదిలోకి సాగుతుంది కనుక అక్కడ పగులు తేలికగా వస్తుంది; అతుకును గడప కిందే వదలాలి. గరుసును 150 మిల్లీమీటర్ల పొరలుగా తడిపి దిమ్మిసతో కొట్టించండి. మొత్తం ఒకేసారి కుమ్మరించి నీళ్లు కట్టడం రేగడిలో మరీ ప్రమాదం, ఆ నీరంతా అడుగు మట్టిని ఉబ్బిస్తుంది. (మట్టి మీద పరిచిన కడప బండలకు ఈ తగువే లేదు, కుంగిన బండను లేపి, కింద ఇంత మట్టి వేసి మళ్లీ పరుచుకుంటే సరిపోయేది.)

మేస్త్రి మాట చెల్లేది నేలను బీముల మీద స్లాబుగా వేసి, రేగడి ఉబ్బినా తగలకుండా కింద ఖాళీ వదిలినప్పుడు. అప్పుడు కలపడం తప్పనిసరి. నడుమ వేసిన ఇనుములో సగమైనా అంచు పైభాగంలో స్పానులో (బీముల మధ్య దూరంలో) పదో వంతు సాగాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది. బీములోకి జానెడు చువ్వ దించి సరిపెడుతుంటారు, అది చాలదు. ఎం20 రకం కాంక్రీటులో 10 మిల్లీమీటర్ల ఎఫ్.ఇ. 500 రకం ఉక్కు చువ్వ పూర్తి బలానికి పట్టు దొరకాలంటే సుమారు 570 మిల్లీమీటర్లు కావాలి కనుక, దాన్ని బీములో కిందికి వంచాల్సి ఉంటుంది.

బీములో ఇప్పటికే చువ్వలు వదిలి ఉంటే, గరుసు నింపేలోగా వాటిని బీము అంచుకు కోయించి, మొనలు తుప్పు పట్టకుండా సిమెంటు మాలుతో కప్పించండి.